రాక్ బ్యాండు మీద మా మావ అభిప్రాయం

ఇప్పుడంటే అరకులో ఏ కారు ఆగినా అందులోంచి పాట దూకుతోంది గానీ, నేను డుంబ్రిగుడ దగ్గర మా ఊరు వదిలి గెస్ట్‌హౌస్ వంటింట్లో అంట్లు తోమడానికి చేరిన రోజుల్లో, పాట కావాలంటే ముందు మనిషి కావాలి. డోలు కొట్టే మనిషి, చేతులు వెనక పట్టుకుని వరసలో థింసా అడుగేసే ఆడవాళ్లు. పాటను పెట్టెలో తెచ్చుకునేది కింద నుంచి వచ్చే టూరిస్టులే. నాకప్పుడు పదహారో పదిహేడో. చదువు సున్నా. (పాల ప్యాకెట్‌ని, పెరుగు ప్యాకెట్‌ని రంగును బట్టే పోల్చుకునేదాన్ని. ఒకసారి ఆ రంగులు మార్చేశారు. ఆ పూట టీ ఎవరూ తాగలేకపోయారు.) తెలుగు మాత్రం గడగడా మాట్లాడేదాన్ని. నా గొప్పంతా అదే.

ఒక చలికాలం ఓ వారపత్రిక ఆయన దిగాడు. సీసా అడుగంత మందం కళ్లద్దాలు, అందుకని మాకు అద్దాలబాబు. విదేశంలో ఏదో పెద్ద పేరున్న రాక్ బ్యాండట, దాని గురించి మన సంగీతం వాళ్లూ సినిమావాళ్లూ ఆటగాళ్లూ ఏమనుకుంటున్నారో అడిగి రాస్తున్నాడట. “కొండ మీద డోలు కొట్టే పెద్దాయన మాట కూడా ఒకటి ఉంటే బాగుంటుందమ్మా” అన్నాడు. డోలంటే మా మావే, అమ్మ తమ్ముడు. మావ తెలుగు సంతలో బేరం వరకే, మిగతాదంతా మా ఇంటి భాష. కాబట్టి మధ్యలో నేను. బయల్దేరే ముందు మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. “సూడు గుంటా, ఆ బాబు మన గెస్ట్‌హౌస్ గురించి రాత్తానన్నాడు. ఆయన మనసు నొచ్చకపోతే శనివారం శనివారం ఇక్కడ థింసా ఆట మీ ఊరోలకే. నొచ్చిందో, పక్కూరోలకి. అంతా నీ నోట్లో ఉంది.”

మా వాకిట్లో అద్దాలబాబు ఆ బ్యాండు పాట క్యాసెట్ పెట్టి టేప్‌రికార్డర్ మీట నొక్కాడు. కోళ్లు కప్పు మీదికెక్కాయి. డోలు మోగుతుంటే కూర్చుని వినడం మాలో లేదు. అత్తా, ఇంకో ఐదుగురూ లేచి చేతులు పట్టుకుని అడుగు కోసం వెతుక్కున్నారు. అడుగు దొరికి, వరస కదిలి, సగం చుట్టు తిరిగేసరికి పాట అయిపోయింది. గాల్లో ఎత్తిన కాలు అలాగే ఉంచి, “అదేటి, సచ్చిపోనాడేటి?” అంది అత్త. (మా భాషలో అన్నవి నాకు చేతనైన తెలుగులో రాస్తున్నాను.) అద్దాలబాబు కలం తీశాడు. మావ చెప్పాడు.

“సెయ్యి మంచిదే. డోలు కొట్టేవోడు దొంగాట ఆడలేదు. గానీ తోలు మంట మీద సరిగ్గా కాగలేదు, బేగి మొదలెట్టేసినారు. ఆ పాడేవోడు అలా అరుత్తన్నాడంటే, కూడెట్టకుండా నిలబెట్టేసినారన్నమాట. సగం చుట్టుకే ఆగిపోనారు గదా, ఓపిక లేదు పాపం. ఆల్ని పిలిసినోలెవలో గానీ సిగ్గు లేనోలు. ముందు కూడెట్టమన్నానని రాయమను.”

నేను అద్దాలబాబు వైపు తిరిగాను. మేనేజరు ముఖం కళ్లముందు కదిలింది. “అద్భుతం అంటున్నాడు బాబూ. ఇలాంటి వాయిద్యం ఎప్పుడూ వినలేదంట.”

మావ కనుబొమలు ముడిపడ్డాయి. “నేనంత సెప్తే నువ్వింతే సెప్పినావేటి?”

“తెలుగులో బేగి అయిపోద్ది మావా.”

శనివారాలు మాకే వచ్చాయి. (ముందు కూడు పెడితే గానీ మావ డోలు ముట్టేవాడు కాదు. వడ్డించేది నేనే.) కొన్నాళ్లకు పత్రిక వచ్చింది. ఒక మూల డోలుతో మావ బొమ్మ, కింద రెండు వరసల అచ్చు. మావ ఆ కాగితం గంజితో గోడకు అంటించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి, “ఆలకి కూడెట్టమని పేపర్లో రాయించినాను. ఈపాటికి కూడెడతానే ఉంటారు” అనేవాడు. ఎవరైనా చదివిపెడతామంటే, “నేనన్న మాట నాకు తెలీదేటి?” అని పంపేసేవాడు. అప్పుడు గానీ నా ప్రాణం కుదుటపడేది కాదు.

ముప్పై దాటాక, మా ఊరి బడి వరండాలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు అక్షరాలు చెబుతుంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. వరసగా నాలుగు మాటలు చదవగలిగిన రోజున నేరుగా మావ గోడ దగ్గరికే వెళ్లాను. పైన సినిమా పాటల ఆయన: అద్భుతం. ఆ పక్కన క్రికెట్ ఆటగాడు: అద్భుతం. హీరోయిన్: అద్భుతం. కింద మా మావ: అద్భుతం. పాపం, అందరికీ నాలాంటి మేనకోడలే దొరికినట్టుంది!

వెనక నుంచి మావ గొంతు. “అచ్చరాలొచ్చినాయంట గదా. సదువు గుంటా.”

అన్నేళ్లలో ఆ కాగితం చదవమని అడిగింది నన్నొక్కదాన్నే. అక్షరాల కింద వేలు పెట్టి, బడిలోలాగే గొంతెత్తి చదివాను: “చెయ్యి మంచిదే. తోలు సరిగ్గా కాగలేదు. పాడేవాడికి కూడు పెట్టలేదు. పిలిచినవాళ్లు సిగ్గు లేనివాళ్లు. ముందు కూడు పెట్టండి.” నేను చదివిన మొదటి చదువులో అచ్చయిన ముక్క ఒక్కటీ లేదు.

మావ ఆ రెండు వరసల్నీ, నా వేలునీ చూశాడు. “నేనంత సెప్తే ఇంతే రాసినారేటి?”

“అచ్చులో బేగి అయిపోద్ది మావా.”

మావ నా వైపు తిరిగి, “మరెందుకలా అరుత్తన్నావు? కూడు తిన్నేదేటి?” అని, కూడెట్టమని అత్తను కేకేశాడు. ఆయనకి తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో, పెట్టింది తినేశాను.

ఇప్పుడు మావ లేడు. టూరిస్టుల కార్లలోంచి అలాంటి అరుపు వినిపించినప్పుడల్లా, అంట్లు తోమే ఆ గుంట ఆనాడు మింగేసిన మాట నా నాలుక చివరికి వస్తుంది. పాట ఆగేదాకా నిలబడి, నవ్వుకుంటూనే అడుగుతాను: “తిన్నారా బాబూ?”