నా డిస్కూ ఆమె డిస్కూ

హిందూపురంలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోల కంప్యూటర్లన్నీ నా చేతి మీదుగానే నడిచేవి. ధర్మవరంలో మాత్రం ఒక్కచోటికే వెళ్లేవాణ్ణి. పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్లో గీసి మగ్గాలకు ఇచ్చే సెంటర్ అది. యజమాని పెద్దాయన నన్ను చూడగానే, "నువ్వు లేకుంటే మా పని నిలబడిపోతుందప్పా" అనేవాడు. అబద్ధమెందుకు, ఆ మాట కోసమే రైలెక్కేవాణ్ణి.

ఒకరోజు వెళ్లేసరికి నా కుర్చీలో పెనుకొండ అమ్మాయి ఒకామె కూర్చునుంది. కొత్త సర్వర్ కొన్నారట, ఇకనుంచి దాన్ని చూసుకునే మనిషి కావాలట.

"ఇద్దరూ చెరో డిస్కు మీకు తోచినట్టు తయారుచేయండప్పా. ఏది జోరుగా ఉంటే ఆ మనిషికే ఈడి పని" అన్నాడు పెద్దాయన. ఇన్నేళ్ల తర్వాత నాకు పరీక్షా!

డిస్కులో ఫైళ్లు ఎలా సర్దుకోవాలో చెప్పేది ఫైల్ సిస్టమ్. బీరువాలో దుప్పట్లకు ఒకలా, రవికలకు ఇంకోలా అరలు పెట్టించుకున్నట్టే. నేను ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే రకం పెట్టి అరగంటలో చేతులు దులుపుకున్నాను. ఆమె మాత్రం డిజైన్లు గీసేవాళ్ల వెనక రెండు రోజులు ఊరికే కూర్చుని చూసి, అప్పుడు ఈఎక్స్‌టీ ఫోర్ అనే ఇంకో రకం పెట్టింది. నాకు నవ్వొచ్చింది. పెద్దాయన ఇంటినుంచి ఆమెకు ఉగ్గాని, బజ్జీ వచ్చినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్లలో నాకు టీ తప్ప ఏం పెట్టాడు! కడుపు మండిపోయింది.

పరీక్షకు హిందూపురం నుంచి ఓ పెళ్లి వీడియో తీసుకెళ్లాను. రెండు డిస్కుల్లోకీ కాపీ చేస్తే నాదే ముందు ముగిసింది. కాలు మీద కాలేసుకున్నాను.

"పెద్ద ఫైలుకు నీదే బాగుండాదన్నా. కానీ ఈడ పెళ్లి వీడియో ఎవరు చూస్తారు?" అంది ఆమె.

ఆ సెంటర్లో ఒక పట్టింపు ఉంది. గీసిన డిజైన్ చెరపరు. చెరిపితే మగ్గం అలుగుతుందంటారు. కొనేవాళ్లు నెమలి మెడ కాస్త వంచమన్నా సరే, పాతదాన్ని అలాగే ఉంచి, చీర మొత్తాన్నీ ఇంకో ఫోల్డర్లోకి కాపీ చేసి అందులో వంచుతారు. అంచు, కొంగు, ఒక్కో బుటా వేరువేరు చిన్న ఫైళ్లు. అలా వేలకు వేలు పేరుకున్నాయి. ఇదంతా నా కళ్లెదుటే జరిగింది. నేనే చూడలేదు.

ఆమె ఒక ఏడాది డిజైన్లు తీసి ముందు నా డిస్కులోకి కాపీ పెట్టింది. టీ తెప్పించుకుని తాగేసినా అవలేదు. తర్వాత తనదాంట్లోకి పెడితే, గ్లాసులు కడిగేలోపు అయిపోయింది.

"ఇది మోసం! నాది నడిచినప్పుడే ఆ ఫైళ్లన్నీ ర్యామ్‌లోకి ఎక్కాయి. అందుకే నీది పరిగెత్తింది" అని అరిచాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "అట్లయితే కంప్యూటర్ ఆపి, ర్యామ్ ఖాళీ చేసి మళ్లా పెడదామన్నా. ఈసారి నాది ముందు, నీది తర్వాత."

నేనన్నదే నిజమైతే ఈసారి నాది గెలవాలి. మళ్లీ ఓడింది. డిస్కు పీకి సంచిలో వేసుకోబోయాను.

"ఉండనీయన్నా," అని ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "నెలకోసారి డిజైన్లన్నీ ఒకే పెద్ద ఫైలుగా కట్టి దాచిపెట్టాల. దానికి అన్న డిస్కే సరి. అన్ననే పిలవండి."

నా డిస్కు దేనికి పనికొస్తుందో కూడా ఆమే చెప్పాలా? ఆ కుళ్లు ఇంకా పోలేదు. రైలు పెనుకొండలో ఆగితే ఇప్పటికీ మొహం పక్కకు తిప్పుకుంటాను.

పోయిన నెల వెళ్లినప్పుడు ఆమె సెలవులో ఉంది. నాకూ ఉగ్గాని పెట్టారు. తిని, బల్ల కింద దూరి డిస్కు తగిలిస్తున్నాను. పైన పెద్దాయన ఆమెతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"తొందరగా రామ్మా. నువ్వు లేకుంటే మా పని నిలబడిపోతుంది."