జిగురుగారి జబ్బుకి డాక్టరు దొరికిన వైనం

ఆయనకి తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది కాగితాల మీద తప్ప ఎక్కడా అక్కరకు రాలేదు. వీధి మొత్తానికీ ఆయన జిగురుగారు. పుస్తకాలు బైండింగు చేసే మనిషి కాబట్టి వేళ్లకి ఎప్పుడూ జిగురు అంటుకుని ఉంటుందని ఆ పేరొచ్చిందంటారు కొందరు. మాటలు మొదలుపెడితే అవతలివాణ్ణి వదలడు కాబట్టి వచ్చిందంటారు మరికొందరు. ఆయన భార్యనడిగితే మాత్రం రెండోదే నిజమని ఒట్టేసి చెబుతుంది.

ఇంటి ముందు గదే దుకాణం. గోడ పొడవునా బల్ల, బల్ల చివర ఇనప మర తిప్పి బిగించే ప్రెస్సు, కిటికీ కింద కాగితాలు కోసే మిషను. తండ్రి అక్కడే కూర్చుని కుట్టాడు, తర్వాత అన్నయ్య కుట్టాడు, ఆ తర్వాత ఈయన. ఇప్పుడు పక్కన కూతురు కూడా కూర్చుంటోంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, అట్ట కోయడంలో తండ్రికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. చదివింది అన్నానని నిజంగా చదివిందనుకునేరు! ఆ దుకాణంలో చదవడం నిషిద్ధం. జిగురుగారి తండ్రి పెట్టిన రూలు అది. బైండింగుకొచ్చిన పుస్తకాన్ని చదివితే చెయ్యి ఆగుతుందట. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా, ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, తలకిందులు కాలేదు కదా, అంతే చూడాలి, కుట్టాలి, పంపాలి. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోని కాలేజీల చదువంతా జిగురుగారి చేతుల మీదుగానే వెళ్లింది. ఒక్క ముక్క బుర్రకెక్కించుకోలేదు మహానుభావుడు.

ఆ ఇంట్లో ఇంకో ఆనవాయితీ ఉంది, దానికి పేరు కూడా ఉంది: కుట్టు చెయ్యి. నలభై అయిదు దాటగానే రెండు చేతులూ తిమ్మిరెక్కడం మొదలవుతుంది. బొటనవేలి కింద కండ కరిగిపోతుంది. ఎన్ని లక్షల సార్లు సూది గుచ్చామో, చెయ్యి అరగక ఏం చేస్తుంది, అనేవారు. తర్వాత కాళ్లు మొద్దుబారతాయి. స్టూలు మీద కూర్చుని కూర్చుని అంతే అనేవారు. ఆ తర్వాత కడుపు చెడుతుంది, వేళకి తినకపోవడం. చివరికి గుండె. తండ్రి యాభై నాలుగో ఏట పోయాడు, అన్నయ్య యాభై అయిదో ఏట. పని తిన్న మనుషులు పాపం అని వీధంతా అనుకుంది. ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు, అందులో కొంచెం గర్వం కూడా పడ్డారు.

జిగురుగారికి యాభై ఒకటి వచ్చేసరికి ఈ వరసంతా ఒకటొకటిగా వచ్చి కూర్చుంది. అన్నయ్య పోయిన వయసుకి నాలుగేళ్లే మిగిలాయి. ఆ లెక్క ఆయన పైకి అనలేదు గానీ, పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నప్పుడు అద్దంలో అన్నయ్య కనిపించేవాడు. బతకాలని ఉంది ఆయనకి. గొప్ప కారణాలేం లేవు. పొద్దున టీ తాగి, ప్రెస్సు విప్పి, ఆరిన పుస్తకాన్ని బయటికి తీసే క్షణం ఆయనకి చాలా ఇష్టం, అంతే.

డాక్టర్ల దగ్గరికి తిరగలేదా అంటే, కాళ్లరిగేలా తిరిగాడు. చేతుల డాక్టరు రెండు మణికట్లూ కోసి కుట్టాడు. ఆ కుట్లు చూసి జిగురుగారు ‘మనమైతే ఇంకాస్త దగ్గరగా వేసేవాళ్లం’ అని పెదవి విరిచాడు. కడుపు డాక్టరు మాత్రలిచ్చాడు. కాళ్ల డాక్టరు, షుగరు ఉంటేనే ఇలా అవుతుందే, మీకు షుగరు లేదే అని, లేనందుకు ఈయనదే తప్పన్నట్టు చూశాడు. గుండె డాక్టరు స్కాను చూసి, గోడలు మందంగా ఉన్నాయి, బీపీ ఎక్కువై ఉంటుంది అన్నాడు.

ఆ మాటకి ఆయన భార్య ఒంటికాలి మీద లేచింది. “మంచం మీంచి లేస్తే కళ్లు తిరిగి కూలబడే మనిషికి ఎక్కువ బీపీ ఏమిటండీ? ఎక్కువుంటే తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ముందు చూసి మాట్లాడండి!”

చూడటానికి ఎవరికీ తీరిక లేదు. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదు. ఇంట్లో మాత్రం ఒక సొరుగు నిండా చీటీలు పేరుకున్నాయి.

ఇలా ఉండగా మెడికల్ కాలేజీ లైబ్రేరియన్‌గారు ఎప్పటిలాగే ఏడాది పొడవునా వచ్చిన పత్రికలు మోయించుకొచ్చారు, కలిపి సంపుటాలుగా కుట్టడానికి. జిగురుగారు పేజీలు సరిచూస్తున్నాడు. నాలుగు వందల పన్నెండు, పదమూడు, పద్నాలుగు... పద్నాలుగు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ పేజీలో ఒక ఫొటో. రెండు చేతులు, వెల్లకిలా. బొటనవేళ్ల కింద కండ లేదు. రెండు మణికట్ల మీదా కోత గుర్తులు. ఆయన తన చేతులు రెండూ తెచ్చి ఫొటో పక్కన వెల్లకిలా పెట్టాడు.

“ఒసేయ్ అమ్మాయ్, ఇటు రా. ఇక్కడేం రాశారో చదువు.”

“చదవాలా? ఈ దుకాణంలోనా?” కూతురు నిజంగానే బిత్తరపోయింది.

“తాతకి నేను చెప్పుకుంటాలే. చదువు!”

అమ్మాయి చదివింది. మొదట చేతులు, రెండూ. తర్వాత పాదాలు. కడుపు. లేవగానే కళ్లు తిరగడం. గుండె గోడలు మందమవడం. పనితో దీనికి సంబంధం లేదు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే అరుదైన జబ్బు, ఒంట్లో ప్రోటీను పేరుకునే అమిలాయిడ్ జబ్బుల్లో ఒకటి. చివరి వాక్యం ఆ పిల్ల రెండుసార్లు చదివింది: ముందే కనిపెడితే ఆపడానికి ఇప్పుడు మందులున్నాయి. వంటింట్లోంచి ఎప్పుడొచ్చిందో భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. 

మర్నాడు జిగురుగారు వెళ్లి సంగతి చెబితే, లైబ్రేరియన్‌గారు పాత సంపుటాలన్నీ వెతికించారు. ఆ జబ్బు మీద ఇంకో మూడు వ్యాసాలు దొరికాయి. మూడూ ఈ దుకాణంలో బైండు చేసిన సంపుటాల్లోనే ఉన్నాయి. అందులో ఒకటి అన్నయ్య కుట్టిన పుస్తకం, పోవడానికి ముందు ఏడాది, తిమ్మిరి చేతులతోనే కుట్టినది. కుట్టు చూడగానే గుర్తుపట్టాడు జిగురుగారు. అన్నయ్య తన జబ్బుని తన చేత్తోనే వరసగా పేర్చి, అట్ట వేసి, ఒక్క అక్షరం చదవకుండా తిప్పి పంపేశాడు. ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని లైబ్రరీలోనే భోరుమని ఏడ్చాడాయన. లైబ్రేరియన్‌గారు ‘ఇక్కడ నిశ్శబ్దం’ అని రాసున్న బోర్డు వైపు చూడకుండా, ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చిచ్చారు.

ఏడుపయ్యాక కోపం వచ్చింది. కోపం వస్తే ఆయనకి పని చెయ్యబుద్ధేస్తుంది. ఇంటికొచ్చి సొరుగులోని చీటీలన్నీ బల్ల మీద గుమ్మరించాడు. వదిన దగ్గరున్న అన్నయ్య కాగితాలు తెప్పించాడు. పాత పెట్టెలోంచి తండ్రివి తీశాడు. తండ్రి, అన్నయ్య, తను. తేదీల వారీగా ముగ్గురివీ పేర్చి, చిన్న చీటీలని పెద్ద కాగితాలకి అతికించి, ఫారాలు కట్టి, నంబర్లు వేశారు తండ్రీ కూతుళ్లు. ఆయన వేళ్లలో సూది నిలవడం లేదు కాబట్టి కుట్టడం అమ్మాయే కుట్టింది. పక్కన కూర్చుని “దారం లాగు, ఇంకా లాగు” అని ప్రాణం తీశాడాయన. గట్టి అట్ట, ముదురు నీలం గుడ్డ. రెండు వందల ఆరు పేజీలు. అలా పేర్చాక ఎవరికైనా కనిపిస్తుంది: ముగ్గురు మనుషులు, ఒకే కథ, ఒకే వరసలో.

ఇక ఫొటో ఉన్న ఆ మొదటి వ్యాసం రాసిన డాక్టరు కోసం ఫోను చేస్తే ఆయన రిటైరయ్యాడన్నారు. ఏ విభాగానికి కలపమంటారు, నరాలదా, గుండెదా, కడుపుదా అని అడిగింది ఆసుపత్రి ఫోనులో అమ్మాయి.

“అన్నీనమ్మా! అదే కదా నా గోల!”

“అన్నీ అనే విభాగం లేదండి మా దగ్గర.”

నాలుగు ఆసుపత్రులు తిరిగాక తేలిందేమంటే, రిటైరైన ఆ డాక్టరు దగ్గర చదువుకున్న ఒకావిడ ఉంది, నరాల డాక్టరు. నెలలో మొదటి బుధవారం మాత్రం గుండె డాక్టరుని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఒక్క జబ్బువాళ్లనే చూస్తుంది. రైల్లో ఆరు గంటల దూరం. అయిదు నెలలు ఆగాలి అన్నారు. అయిదు నెలలు! జిగురుగారు ఆగే రకమా? రోజూ సరిగ్గా పది గంటలకి ఫోను చేసి, ఎవరైనా రావడం మానుకున్నారేమో కనుక్కునేవాడు. మానుకోకపోతే ఆ ఫోనులో మనిషి క్షేమం కనుక్కునేవాడు, వాళ్ల అమ్మగారి కంటి ఆపరేషను సంగతి కనుక్కునేవాడు. పదకొండో రోజున ఆ ఫోనులో ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

“ఒక చోటు ఖాళీ అయిందండి. ఈ బుధవారం వచ్చెయ్యండి. దయచేసి రేపు మాత్రం ఫోను చెయ్యకండి.”

చెయ్యలేదు. భార్య ఫోను దాచేసింది.

డాక్టరుగారు సన్నగా, పొట్టిగా, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నారు. జిగురుగారు గొంతు సవరించుకున్నాడు. మూడు తరాల కథా చెప్పడానికి రైల్లో ఆరు గంటలూ రిహార్సలు వేసుకొచ్చాడు మరి. ఆవిడ చెయ్యెత్తి ఆపి, నీలం పుస్తకం మొదటి పేజీ తెరిచారు. చదవడం మొదలుపెట్టారు. నలభై నిమిషాలు చదివారు. గుండె డాక్టరు ఆవిడ భుజం మీంచి వంగి చదివాడు.  తన జన్మలో అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం జిగురుగారికి అదే మొదలు.

“ఇన్నాళ్లూ ఎవరూ ఇది ఒకచోట పెట్టి చూడలేదా?” అన్నారు ఆవిడ చివరికి.

“మేమే చూడలేదమ్మా, ఇంకొకళ్లని ఏమనగలం.”

రక్త పరీక్షలు, స్కాన్లు అయ్యాయి. మూడు వారాలకి ఖాయమైంది. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. కాలేయంలో తయారయ్యే ఒక ప్రోటీనుకి నాలుగు భాగాలుంటాయట. అందరికీ అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఈ ఇంట్లో పుట్టుకతోనే ఆ పట్టు వదులు. ఊడిన ముక్కలు పోయి నరాల్లో, గుండెలో, మణికట్టులో పేరుకుంటాయి.

“అంటే కుట్టు వదులైన పుస్తకం!”

“అదే అనుకోండి. మందుతో కొత్తగా పేరుకోకుండా చాలావరకు ఆపొచ్చు. చేతుల్లో పోయిన బలం మాత్రం తిరిగొస్తుందని చెప్పలేను.”

“చేతులు పోతే పోనీండమ్మా. నన్ను ఉంచండి,” అన్నాడు జిగురుగారు. అన్నాక సిగ్గేసింది గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

మూడు నెలలకో సూది మొదలైంది. ఇంట్లో అందరూ కుదుటపడ్డాక ఒకరోజు కూతురు తనంతట తనే వెళ్లి పరీక్ష చేయించుకుంది. పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం అని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ పిల్లకీ వచ్చింది. లక్షణాలేం లేవు, ఏడాదికోసారి చూపించుకోవాలి, మొదటి గుర్తు కనపడగానే మందు. అంతే అన్నారు. అంతేనని తల్లికి ఎవరు చెప్పగలరు? ఆవిడ మూడు రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. వీధివాళ్లు కంగారుపడి వచ్చి చూసి వెళ్లారు. నాలుగో రోజు కూతురే, “అమ్మా, నన్ను తిట్టు, ఇల్లు ఇల్లులా లేదు” అంటే, ఏడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది.

ఏళ్లు గడిచాయి. యాభై నాలుగు వచ్చింది, యాభై అయిదు వచ్చింది. ఆ ఏడాదంతా ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు. యాభై ఆరు వచ్చింది. అన్నయ్యకంటే తను పెద్దవాడైపోవడం జిగురుగారికి వింతగా, కొంచెం తప్పు చేసినట్టుగా ఉండేది. చేతుల్లో బలం ఎక్కడిదక్కడే ఆగింది. కుట్టు పని కూతురిదే. ఈయన జిగురు రాస్తాడు, మాటలు చెబుతాడు.

యాభై తొమ్మిదో ఏట ఆయనకి కుడి మోకాలు నొప్పి పట్టుకుంది. మెట్లు దిగుతుంటే కలుక్కుమనేది. కొత్త గుర్తేమోనని ఇంటిల్లిపాదికీ భయమేసింది. వీధి చివర క్లినిక్కులో ఈమధ్యే వచ్చిన కుర్ర డాక్టరు మోకాలు వంచి చూశాడు, ఎక్స్‌రే తీయించాడు, పాత రిపోర్టులన్నీ తిరగేశాడు.

“దీనికీ మీ జబ్బుకీ ఏం సంబంధం లేదండీ. కీలు అరిగింది. వయసు మీద పడుతోంది కదా.”

“ఏమన్నారూ?”

“ముసలితనమండీ. అందరికీ వచ్చేదే.”

జిగురుగారు ఆ డాక్టరు రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. బయటికొచ్చి, కుంటుకుంటూనే, ఎదురైన ప్రతివాడికీ చెప్పుకుంటూ వచ్చాడు. టైలరుకి చెప్పాడు, మందుల షాపతనికి చెప్పాడు, పేరు కూడా తెలియని ఒకాయన్ని ఆపి మరీ చెప్పాడు.

“ఏమే! విన్నావా? నాకు ముసలితనం వచ్చిందట!” అని గుమ్మంలోంచే కేకేశాడు.

“సంతోషించాం! దానికి వీధంతా టముకెయ్యాలా?” అంటూ వచ్చిన భార్య ఆయన మొహం చూసి, ఉన్నచోటే స్టూలు మీద కూలబడింది. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరికీ రానిది వచ్చింది మరి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు.

బల్ల దగ్గర అట్ట కోస్తున్న కూతురు కత్తి పక్కన పెట్టింది.

“నాన్నా, అయితే నాకూ వస్తుందా?”

“ఏదే?”

“ముసలితనం.”

జిగురుగారు కుంటుకుంటూ లోపలికొచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు. 

“రాక ఎక్కడికి పోతుందే! మోకాళ్లు అరుగుతాయి, పళ్లు ఊడతాయి, చెప్పిందే చెప్పి అందరి ప్రాణాలూ తోడేస్తావు. విసుగొచ్చేదాకా వస్తుంది నీకు.”

అమ్మాయి లేచి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

“ఎక్కడ నొప్పి నాన్నా, చూపించు,” అంది, అది తనకీ రాబోయేదే అన్నంత ఆశగా.