చాయపత్తి పడిన పుట్టగొడుగుల కూర

ఆ రోజుల్లో ఒంట్లో ఓపిక ఎక్కడి నుంచి వస్తుందని ఎవరూ అడిగేవారు కాదు. ఉన్నా లేకపోయినా లేచేవాళ్లం, అంతే. ఇప్పుడు ఓపికను కూడా డబ్బాలో పోసి అమ్ముతున్నారు. కరీంనగర్‌లో నా మనుమరాలు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తుంది. మొన్న ఒక డబ్బా తెప్పించింది. పుట్టగొడుగుల పొడి కలిపిన కాఫీ అట. "ఒట్టి కాఫీ తాగితే గుండె దడదడమంటది అమ్మమ్మా, మాపటికి మళ్ల నీరసం. గివి కలిస్తె మెల్లగ, రోజంత ఓపికనిస్తయట" అంది. "మరి ఇస్తున్నయా?" అన్నాను. "ఇంకా తెలుస్తలేదు" అని ఆవలించింది. మూత తీసి వాసన చూశాను. నవ్వొచ్చింది (నేను నవ్వితే పిల్లలు భయపడతారు, తర్వాత తిట్లుంటాయని). ఈ సరుకును నేను పెళ్లయిన కొత్తలోనే, మంథని దగ్గర అత్తగారింట్లో వండి వడ్డించాను.

మా పుట్టిల్లు మంచిర్యాల. రైలు స్టేషన్ పక్కన పెరిగినదాన్ని, పొద్దున చాయ పడకపోతే నెత్తి పగిలిపోయేది. అత్తగారింట్లో ఆ మాటే ఎత్తకూడదు. "పొద్దుగాల లేపుతది, మాపటికి పడేస్తది. దాన్ని నమ్ముకుంటె బతుకంత దాని ఎన్కనే తిరుగుతవ్" అనేది మా అత్త. ఆమె నమ్మకమంతా పుట్టగొడుగుల మీదే. మాంసమంత బలం అనేది. ఉరుములు ఉరిమాక చెలకల్లో ఏరుకొచ్చి, మిగిలినవి ఎండబెట్టి రేకు డబ్బాలో పోసి అటక మీద దాచేది. వాటి పేరు మాత్రం పైకి అనదు. అంటే మరుసటి ఏడు మొలవవట. "అవి" అంటుంది, అంతే. (ఈ పట్టింపూ, ఆ అటక మీది డబ్బా సంగతీ నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు.) నా రేకు డబ్బా వేరే ఉండేది, పప్పు కుండ వెనక. అందులో పుట్టింటి చాయపత్తి. అత్త పొలానికి కదిలాక చిటికెడు మరిగించుకునేదాన్ని. మరిగించిన పత్తిని ఎండబెట్టి మళ్లీ మరిగించేదాన్ని. పొదుపు నాకు ఎవరూ నేర్పలేదు.

నాట్ల చివరి రోజు. ఆ సాయంత్రంతో మాకు కాలువ నీళ్ల వంతు అయిపోతుంది. ఆలోగా పెద్దమడి నాటు పడకపోతే దమ్ము చేసిన మన్ను గట్టిపడుతుంది, నారు ముదిరిపోతుంది. మేం ఏడాదంతా తినే వడ్లు ఆ మడివే. నాటేసే ఆడవాళ్లా, వారమంతా వంగి నడుములు పడిపోయి ఉన్నారు. మధ్యాహ్నం తిని గట్టు మీద ఒరిగితే ఇక లేవరు. అందుకే మా అత్త పొద్దున దొరికిన పచ్చి పుట్టగొడుగులు నా ముందు పోసి, "కూర బలంగుండాలె. గా రేకు డబ్బల ఎండినయి ఉన్నయి గద, అవి సుత ఎయ్యి" అంది. నా డబ్బా దొరికిందన్నమాట! నా చాయపత్తిని నా చేతనే కూరలో వేయిస్తోంది, చాయ తాగే కోడలికి ఇదే శిక్ష అనుకున్నాను. "మొత్తమా అత్తా?" అన్నాను. "మొత్తమే. గింత దాసుకునుడేంది?" అంది. మొత్తం వేశాను.

కూర తారులాగా అయింది. "ఏందక్కా, చేదున్నది" అంది ఒకామె మొదటి ముద్దకే. "మీ కోడలు మసిగుడ్డ పిండిందా ఏంది?" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. అత్త కూడా ఒక ముద్ద పెట్టుకుని గతుక్కుమంది గానీ బయటపడలేదు. "చేదుంటెనే బలం. మూసుకొని తినుండ్రి" అంది. తిన్నారు. తిన్నాక ఎవరూ ఒరగలేదు! పాట వెనకపడింది, చేతులు ముందుకు పోయాయి. "నా గుండె ఉరుకుతున్నదే" అని ఒకామె అంటే, "నువ్వు సుత దాని ఎన్క ఉరుకు" అని ఇంకొకామె. పొద్దు ఉండగానే మడి పచ్చబడింది. "సూసినవా, అదీ వాటి బలం!" అని మా అత్త ఊరంతా వినేలా అంది.

ఇంటికొచ్చి అటక మీద నుంచి డబ్బా దించింది. నిండుగా ఉంది. అప్పుడు తెలిసింది నాకు, పొద్దున ఆమె వేయమన్నది ఈ డబ్బాలోవని. ఆమె నన్ను చూసింది, పప్పు కుండ వైపు చూసింది, నా ఖాళీ డబ్బా తీసి వాసన చూసింది. తిట్లకు తల వంచుకుని నిలబడ్డాను.

"మరి రేపటికెట్ల? నెత్తి నొయ్యదా?" అంది.

"ఇప్పుడే నొస్తున్నది."

"పోయి జర ఒరుగు. పొయ్యి నేను సూస్త."

ఆ ఇంట్లో పొద్దు ఉండగా నన్ను ఒరగమనడం అదొక్కసారే. తర్వాతి వారపు అంగడికి తానే చాయపత్తి తెచ్చింది. చచ్చేదాకా దాని పేరు కూడా పైకి అనలేదు, "అది" అనేది.

"అయితె ఏది మంచిది అమ్మమ్మా, కాఫీనా, పుట్టగొడుగులా?" అంది మనుమరాలు అంతా విని. "ఒకటి తరుముతది, ఒకటి కడుపు నింపుతది. ఒరుగుమనేది రెండు గావు. పోయి జర ఒరుగు బిడ్డా" అన్నాను. ఆ మాట కోసమే ఉన్నట్టు వెంటనే పడుకుంది. కలుపుకున్న ఆ డబ్బా కాఫీ గ్లాసులో సగం మిగిల్చింది. పారబోయడానికి నాకు చేతులు రావు, తాగేశాను. నేనూ నడుము వాల్చాను గానీ కన్ను మూతపడలేదు. ఎట్లా పడుతుంది? ఆ గ్లాసులో మా అత్త సగం, నేను సగం.