పేరు పెట్టి పిలవాలి

మీనాక్షి సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇతరులు రాసిన కోడ్‌లో తప్పెక్కడుందో వెతకడం ఒంటారియోలోని కనాటాలో పన్నెండేళ్ళుగా ఆమె ఉద్యోగం. ఇంట్లో దీపం గుర్తొచ్చినప్పుడు వెలుగుతుంది. సభలో ఎవరైనా "మన సంస్కృతి" అంటూ మైకు అందుకుంటే ఆమె అప్పటికే పార్కింగులో ఉంటుంది. ఇంతటి మనిషికీ ఒక చాదస్తం మిగిలింది. ఏ చోటు వదిలి బయల్దేరినా పిల్లలను పేరుపేరునా పిలుస్తుంది.

"బన్నీ, పోదాం రా."

"మామ్, నేను కార్లోనే ఉన్నా. లిటరల్లీ."

"వస్తున్నా అనరా."

"కమింగ్," అంటాడు పదకొండేళ్ళ బన్నీ. ఆరేళ్ళ ధాత్రి "హియర్!" అని బళ్ళో హాజరు పలికినట్టు చెయ్యెత్తుతుంది. 'వస్తున్నా' అన్న మాట ఇంతవరకు ఇద్దరి నోటా రాలేదు.

ఆ అలవాటు ఆమె తల్లి సరోజనది. కృష్ణ ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరు 1981లో శ్రీశైలం నీళ్ళ కింద పోయింది. ఖాళీ చేసేనాటికి నీళ్ళు వీధి చివరికి వచ్చేశాయి. సామాన్లు లారీకెక్కించే హడావుడిలో సరోజన గడప దగ్గర నిలబడి నాలుగేళ్ళ కొడుకు పండును పిలవడం మరిచింది. పిల్లవాడు ఆమె చంకలోనే ఉన్నాడు. నెల తిరక్కుండా జ్వరంతో పోయాడు. మలేరియా అన్నాడు డాక్టరు. "వాడు ఆడనే ఉండిపోయినాడు. నేను పిలవలేదు కదా," అని సరోజన చనిపోయేదాకా అంది.

తర్వాత పుట్టిన మీనాక్షికి ఆమె రెండు నియమాలు నేర్పింది. వదిలే చోట పేరు పెట్టి పిలవాలి. "అందరూ రండి" అని మాత్రం అనకూడదు.

"ఎందుకమ్మా?"

"ఎవరెవరు వింటుంటారో నీకేం తెలుసే?"

మొన్న సెప్టెంబరు చివరి శనివారం పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ పెట్టుకుని నలుగురూ సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఉన్న పాత ఊరికి బయల్దేరారు. ప్లాన్ ఆమె భర్త తారక్‌ది. ఓడల దారి కోసం 1958లో నది మట్టం పెంచినప్పుడు అక్కడ కొన్ని ఊళ్ళు మునిగాయి. వాటిలో నుంచి ఎత్తుకొచ్చిన ఇళ్ళు కొన్ని జనం చూడ్డానికి ఈ ఊళ్ళో నిలబెట్టారు. ఇప్పుడు పాతకాలం టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు వాటిలో రొట్టెలు కాలుస్తారు, జనం టిక్కెట్టు కొని జాలిపడతారు.

బోర్డు చదివి మీనాక్షి భర్త వైపు చూసింది. "మునిగిన ఊరని ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే వచ్చేదానివా?"

అయిదింటికి గంట కొట్టారు. తలుపులకు గొళ్ళాలు పడుతున్నాయి. రొట్టెల మనుషులు టోపీలు తీసి చేత పట్టుకుని వెళ్ళిపోతున్నారు. ధాత్రి లేదు.

"నా వెనకే ఉంది, ఐ స్వేర్!" అన్నాడు బన్నీ.

తారక్ వాణ్ణి తీసుకుని కొట్టాల వైపు పరుగెత్తాడు. మీనాక్షి నది వైపు పరుగెత్తింది. అక్కడ పాత తారురోడ్డు ఒకటి తిన్నగా వెళ్ళి నీళ్ళలోకి దిగిపోయింది, కింద ఇంకా ఊరున్నట్టే. గాలి లేదు. అల లేదు.

"ధాత్రీ, పోదాం రా!"

మూడుసార్లు పిలిచింది. నీళ్ళ అంచున ఒక చిన్న బూటు లాంటిది కనబడింది. దగ్గరికి వెళితే రాయి. అప్పుడు ఆమె గొంతు అదుపు తప్పింది.

"రండి! పోదాం, అందరూ రండి!"

"వస్తున్నా."

పిల్లవాడి గొంతు. తెలుగు. రోడ్డు నీళ్ళలోకి దిగిన చోటు నుంచి.

మీనాక్షి కదల్లేదు. వెనక నుంచి ధాత్రి వచ్చి ఆమె నడుముకు చుట్టుకుంది. "అమ్మా, ఐ వాజ్ విత్ ద షీప్!"

బిడ్డను ఎముకలు నొప్పి పుట్టేలా హత్తుకుని, దాని తల మీంచి, బన్నీతో వెనకే వచ్చిన భర్తను అడిగింది. "విన్నావా?"

"విన్నా. మనవాళ్ళ పిల్లాడెవడో. ఒంటారియోలో తెలుగువాళ్ళు లేని చోటెక్కడుంది?" తారక్ నవ్వబోయాడు.

పార్కింగులో వాళ్ళ కారు ఒక్కటే ఉంది.

ఎక్కారు. బన్నీ ఒక కిటికీ దగ్గర, ధాత్రి ఇంకో కిటికీ దగ్గర. బండి స్టార్ట్ చేయగానే కీ కీమని మోత. వెనక మధ్య సీటుకు బెల్టు పెట్టలేదని తెర మీద ఎర్ర గుర్తు.

"బ్యాగేమైనా పెట్టావా?" అన్నాడు తారక్.

"బ్యాగ్ డిక్కీలో ఉంది."

"సెన్సర్ పాడైంది, డాడ్."

సెన్సర్లు పాడవుతాయి. ఆ సంగతి ఆ కార్లో మీనాక్షి కంటే బాగా ఎవరికీ తెలియదు. "పద" అంటే సరిపోతుంది. తల్లి కూడా ఆ రోజు అలాగే బయల్దేరింది.

ఆమె దిగి వెనక తలుపు తీసింది.

"బన్నీ, పోదాం రా."

"కమింగ్."

"ధాత్రీ, పోదాం రా."

"హియర్."

తర్వాత తాను ఎన్నడూ చూడని అన్న పేరు పలికింది.

"పండూ, పోదాం రా."

ధాత్రి, ఎవరూ చెప్పకుండానే, కిటికీ వైపు కొంచెం జరిగి చోటిచ్చింది. మీనాక్షి వంగి ఖాళీ సీటుకు బెల్టు పెట్టింది. మోత ఆగింది.