జానమ్మ వినని సారంగి

మర్రిగూడ మండలంలోని ఆ చిన్న ఊరి చర్చిలో పాట ఎత్తుకోవాలంటే ఒకప్పుడు జానమ్మే ఎత్తుకోవాలి. ఆమె గొంతు లేస్తే రోడ్డున పోయేవాళ్లు సైకిలు దిగి నిలబడేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఎముకలు వంగక ముందు మాట. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ముందు పళ్లను, తర్వాత మోకాళ్లను, ఆఖరికి వెన్నును పట్టింది. పక్కటెముకలు బిగుసుకుపోయి ఊపిరి నిండుగా అందకుండా పోయాక పాట కూడా పోయింది. ఊళ్లోకి మంచినీళ్ల నల్లా వచ్చేసరికి ఆమెకు నలభై దగ్గరపడ్డాయి. గడప దాటాలంటే ఎవరో ఒకరు ఎత్తుకోవాల్సిందే.

తమ్ముడు డానియల్ మేస్త్రీ పనికి, మరదలు మెర్సీ అంగన్‌వాడీకి పోతే పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే. డానియల్ కొత్త ఫోను కొనుక్కుని పాతది అక్క చేతికిచ్చాడు. అద్దం ఓ మూల పగిలింది కానీ మోగడం బాగానే మోగేది.

ఆ ఫోనులో ఆమెకు పాటల పండుగలు దొరికాయి. దేశమంతా తిరిగి సంగీత ఉత్సవాలను వీడియోలు తీసి పెట్టేవాళ్లు ఎంతమందో. ఇసుక దిబ్బల మీద తెల్లవార్లూ పాడేవాళ్లను చూసింది. మబ్బులు తాకే కొండల్లో వానలో తడుస్తూ గిటారు వాయించేవాళ్లను చూసింది. కొందరు వ్లాగర్లంటే ఆమెకు ఒళ్లు మండేది. పండుగకు పోయి అక్కడి తిండి చూపిస్తారు, పాట సాగుతుంటే మీద పడి మాట్లాడతారు. హైదరాబాదు నుంచి తీసే రాకేష్ అలా కాదు. పాట మొదలవగానే నోరు మూసుకుంటాడు. వాయించేవాడి వేళ్ల దగ్గర కెమెరాను కదలకుండా పెడతాడు. ఎడారి ఉత్సవంలో ఒక ముసలాయన సారంగి వాయించగా రాకేష్ తీసిన వీడియోను ఆమె రోజూ చూసేది. ఆ తీగ సాగుతుంటే తన ఛాతీలో బిగిసినచోట ఎవరో వేలు పెట్టి సడలించినట్టుండేది.

వేళ్లు సరిగా ఆడవు కనుక నోటితో చెప్పి కామెంటు పెట్టేది. రాకేష్ లైవ్‌లోకి వచ్చినప్పుడు "జానమ్మక్క వచ్చిందా?" అని అడిగేవాడు. పగలంతా గోడను చూస్తూ పడుకునే మనిషిని అంతమంది మధ్య పేరు పెట్టి పిలవడం చిన్న సంగతి కాదు. ఆ పూట మెర్సీ అన్నం తెచ్చేదాకా ఆగలేకపోయేది.

"నన్ను పిలిచిండే, పిల్లా!"

"పిలుస్తడు గని తిను వదినె," అనేది మెర్సీ.

ఒకసారి కామెంట్లలో ఎవరో ఆమెను, మీరు ఏ పండుగకు పోయారని అడిగారు. మంచం దిగలేను, ఫ్లోరైడ్ బీమారి అని జానమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. రాకేష్ ఆమె నంబరు అడిగి తీసుకుని, వారం తిరగకుండా ఫోను చేశాడు. ఆ పైవారం కెమెరా పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"అక్కా, భువనగిరి ఖిల్లా కింద మ్యూజిక్ ఫెస్టివల్ పెడుతున్నరు. నీ సారంగి తాత కూడ వస్తుండు. నిన్ను నేను తీస్కపోత."

"నిజంగనేనా?" అని జానమ్మ రెండుసార్లు అడిగింది. డానియల్ మాత్రం భయపడ్డాడు. "అంత దూరం పానం తట్టుకోదన్నా," అన్నాడు.

"పోనియ్యి. మల్ల దొరుకుతదా గిసొంటి మోక?" అంది మెర్సీ.

రాకేష్ కెమెరా సర్దుకుని, "జర చీర పైకి జరుపక్కా, కాళ్లు కనపడాలె," అన్నాడు. జానమ్మ చీరను మోకాళ్ల మీంచి ఇంకా కిందికి లాక్కుంది. చర్చిలో కూడా ఆమె ఆ కాళ్లు ఎవరికీ చూపించలేదు. మెర్సీ వచ్చి, "సూపియ్యి వదినె, తప్పేమున్నది," అని చీర తానే పైకి జరిపింది.

పండుగనాడు కారు బయలుదేరింది. గుంత వచ్చినప్పుడల్లా వెన్నులో మేకు దిగినట్టయ్యేది. జానమ్మ పళ్లు బిగబట్టి, సారంగి తాత, సారంగి తాత అనుకుంటూ కూర్చుంది. కొండరాయి మీద కోట కనబడగానే "గదేనా?" అని చిన్నపిల్లలా అడిగింది. గేటు దగ్గర డానియల్‌ను ఆపేశారు. పాసు అక్కకొక్కటే తెచ్చానన్నాడు రాకేష్. ఆమెను కూర్చోబెట్టిన చక్రాల కుర్చీని లోపలికి తోశాడు, వెనక్కి లాగాడు, మళ్లీ తోశాడు.

"అక్కా, మొఖంల సంతోషం కనపడ్తలేదు. మొదటిసారి సూస్తున్నట్టు సూడు."

తీరా లోపలికి పోయాక కుర్చీని వేదిక పక్కన, మనిషెత్తు సౌండు బాక్సుల ముందు నిలిపాడు. అక్కడైతే వెనకాల వేదికా, పైన కోటా రెండూ కెమెరాలో పడతాయి. డ్రమ్ములు మొదలయ్యాయి. ఫోనులో వింటే చెవికి తగిలే మోత అక్కడ ఎముకలకు తగిలింది. ఒక్కో దెబ్బకూ మోకాళ్లు, నడుము, మెడ, పళ్లు అన్నీ అదిరాయి. ఆమె చెయ్యెత్తి పక్కకు జరపమంది. మోతలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

రాకేష్ దగ్గరికి వంగి, చెవిలో అరిచాడు. "సూపర్ అక్కా! గట్లనే ఏడువు. తుడుసుకోకు."

డ్రమ్ములు ఆగాక ఆమెకు మళ్లీ ఊపిరి ఆడింది. "తాత ఎప్పుడొస్తడు తమ్ముడా?" అని అడిగింది.

"ఆయన ఆఖర్ల వస్తడక్కా. మనకు కావలసింది వచ్చింది. వేరేటోళ్లు ఎక్కియ్యకముందే నేను వీడియో ఎక్కియ్యాలె. కారు తయారుగుంది."

"నేనుంట. ఏడనన్న ఒక మూలకు కూసుంట. నిన్నేమడుగ."

"నిన్నెవరు సూసుకుంటరక్కా ఈడ? పడితే నా మీదికొస్తది."

గేటు బయట డానియల్ ఆమెను ఎత్తి కార్లో కూర్చోబెడుతుండగా లోపల ఎవరో సారంగి శ్రుతి చేసుకుంటున్న చప్పుడు వచ్చింది. "జర ఆగమను, తమ్మీ," అంది. డానియల్ బతిమాలాడు. డ్రైవరు, ఇంకో కిరాయి ఉందంటూ అద్దాలెక్కించి బండి తీశాడు.

ఆ తర్వాత ఆమె చాలా రోజులు పక్కమీద అటు నుంచి ఇటు తిరగలేకపోయింది. వీడియో మర్నాడే వచ్చింది. మెర్సీ పరుగున వచ్చి చూపించింది. తెర మీద జానమ్మ ముఖం, కళ్ల నిండా నీళ్లు. వెనక డ్రమ్ములు లేవు, సారంగి ఉంది. ఆ ఎడారి వీడియోలోని సారంగే, ప్రతి మలుపూ ఆమెకు తెలిసినదే, తీసుకొచ్చి ఆమె ఏడుపుకు అతికించాడు. కింద కామెంట్లలో జనం దండాలు పెడుతున్నారు. రాకేష్ మనిషి కాదు, దేవుడు అంటున్నారు. ఆమె మోకాళ్ల దగ్గర వీడియో ఆపి చూడమని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

జానమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఒక్కో మాటా చెప్పింది. "నేను సారంగి విననే లేదు తమ్ముడా. నొప్పికి ఏడ్చిన."

జవాబు రాలేదు. మళ్లీ పెట్టింది. రాకేష్ లైవ్‌లో ఆమె పేరు పలకలేదు. పని ఒత్తిడి కాబోలనుకుని, బాగున్నావా తమ్ముడా అని కూడా పెట్టింది. ఒకనాడు మెర్సీ ఫోనులో అదే వీడియో చూస్తూ తన మాట కోసం వెతికింది. తన ఫోనులో ఉంది. మెర్సీ ఫోనులో లేదు.

"నువ్వు మాట్లాడేది నీకే కనపడ్తది గిప్పుడు. నిన్ను దాసిపెట్టిండు," అని చెప్పింది మెర్సీ. తర్వాత గొంతు పెంచింది. "అంతదూరం తీస్కపోయినోణ్ని గట్లంటరా? ఊరంత మనల్ని మెచ్చుకుంటాంది. ఇజ్జత్ తీయకు."

ఆ రోజు నుంచి జానమ్మ పాటల పండుగలు చూడలేదు. చూద్దామనుకోక కాదు. సారంగి మొదలైతే చాలు, వెన్ను దానంతటదే బిగుసుకునేది.

ఎండాకాలంలో నల్గొండ నుంచి స్వర్ణలత అనే ఇంకో వ్లాగర్ వచ్చింది. వీడియో చూసి వెతుక్కుంటూ వచ్చానంది. మెర్సీ ఆడబిడ్డకు తల దువ్వి, మంచి చీర కట్టి వాకిట్లో కూర్చోబెట్టింది. ఆ రోజు ఎట్లనిపించిందక్కా అని స్వర్ణలత అడిగింది. ఎన్నో నెలల తర్వాత ఒకరు అడిగారు. జానమ్మ ఊపిరి అందినంత మేర ఆగి ఆగి అంతా చెప్పింది. సౌండు బాక్సులు, నొప్పి, కారు అద్దాలు.

స్వర్ణలత మొత్తం విని కెమెరా ఆపింది. "నాకు అర్థమైందక్కా. కని గిది పెడితే నన్ను ఏ ఫెస్టివల్‌కు పిలువరు. నీకు మంచిగనిపిచ్చిన ముచ్చట ఏదన్న చెప్పు."

జానమ్మ తమ్ముడి వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ డానియల్ తల దించుకున్నాడు.

"చెప్పక్కా," అన్నాడు. "పాపం, ఎండల పడి వచ్చింది."

స్వర్ణలత కెమెరా మళ్లీ పెట్టింది. జానమ్మ చీరను మోకాళ్ల మీద సర్దుకుంది.

"మంచిగుండె," అంది. "మస్తు మంచిగుండె."