వదినకు ఇవ్వని ఏడుపు

మేం అయిజలో ఉంటున్నప్పుడు, నాలుగేళ్ల మా బిడ్డ కోపమొస్తే నేల మీద పడి తల బాదుకునేది. పక్క వీధిలోనే ఉండే మా ఆయన అక్క పరుగున వచ్చి దాని చేతిలో ఫోన్ పెట్టేది. పిల్ల ఊరుకోగానే నా వైపు తిరిగేది.

"సూసినవా, నాకాడైతే ఎంత సల్లగుంటదో? నీకు పెంపకమే తెల్వదు."

నేను ఏడ్చేదాన్ని. అత్త ఆమెను కూర్చోబెట్టి చాయ్ ఇప్పించేది. ఆ చాయ్ పెట్టాల్సింది నేనే.

వనపర్తిలో ఇలాంటి పిల్లలను చూసే ఒక మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఆమె బిడ్డనూ తప్పుపట్టలేదు, నన్నూ తప్పుపట్టలేదు. "పడిపోయే ముందు ఏం జరుగుతుంది? పడినంక పాపకు ఏం దొరుకుతుంది? అది జర చూడమ్మా," అంది. చూశాను. దొరుకుతున్నది ఫోనే. ఏడుపుకు ఫోన్ ఇవ్వడం మానేశాం. దెబ్బ తగలకుండా తల కింద దిండు పెట్టి ఊరుకునేదాన్ని. నోటితో అడిగితే మాత్రం వెంటనే ఒళ్లోకి తీసుకునేదాన్ని. మొదట్లో ఇంకా ఎక్కువ బాదుకుంది. ముందు ఎక్కువై, ఆ తర్వాతే తగ్గుతుందని మేడమ్ ముందే చెప్పింది. అలాగే తగ్గింది.

అప్పుడే వదిన సంగతీ అర్థమైంది. ఆమెకు దొరుకుతున్నది నా ఏడుపు.

ఇక ఇవ్వలేదు. బంధువుల ఇంట్లో పసిబిడ్డను తొట్టెలలో వేసే నాడు, అందరూ బంతిలో కూర్చుని తింటుంటే, "తల్లికే మతి లేదు, బిడ్డకు యాడికెల్లి వస్తది?" అంది. వడ్డిస్తున్న నేను గరిటె ముందుకు చాపి, "పప్పు ఎయ్యాల్నా వదినా?" అన్నాను. ఆమె గొంతు పెంచింది. మా పుట్టింటి వాళ్లనూ తిట్టింది. ఆమె పెంచేకొద్దీ నాకు లోపల పండగలా ఉంది. చివరికి పక్కన కూర్చున్న ముసలామె, "ఇగ సాలు తియ్, తిననియ్యి," అని కసిరింది. వదిన విస్తరి ముందే ఏడ్చేసింది. నేను పక్క వరుసకు వడ్డించడానికి పోయాను.

కొన్నాళ్లకు ఆమె మా గడప దగ్గర నిలబడి, "పిల్ల మంచిగైంది. బాగ సూసుకున్నవ్," అంది. మంచి మాటకు కనీసం ఒక నవ్వైనా ఇవ్వాలి. నాకు తెలుసు. బెండకాయలు తరుగుతూనే ఉన్నాను. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

"అక్క మంచిగనే మాట్లాడింది గద, ఒక్క మాటన్న అనొద్దా?" అన్నాడు మా ఆయన.

"నేను బాగుచెయ్యాలనుకున్నది బిడ్డను. ఆమెను గాదు," అన్నాను.