పాత పిస్తోలు, చింతకాయ తొక్కు

హనుమకొండలో మేం ప్రాక్టీసు చేసే షూటింగ్ రేంజిలో నా పిస్తోలుకు అక్కడ నేర్చుకునే పిల్లలు పెట్టిన పేరు ‘పాత చింతకాయ తొక్కు’. పెట్టుకోనీ! నాదీ గాలి పిస్తోలే, వాళ్లవీ గాలి పిస్తోళ్లే. కాకపోతే వాళ్లవాటికి గాలి నింపిన సిలిండర్ ఉంటుంది. మీట నొక్కితే చాలు, ఆటబొమ్మల్లా టిక్కుమంటాయి. నాది అట్లా కాదు. ప్రతి దెబ్బకూ పక్కనున్న ఇనుప లివర్‌ను ఎడమ చేత్తో బలంగా గుంజాలి. లోపల స్ప్రింగు బిగుసుకున్నాక పెల్లెట్, అదే చిన్న సీసపు గుండు, పెట్టి మూయాలి. ఆ గుంజేటప్పుడే, కిందటి దెబ్బ ఎందుకు తప్పిందో తెలిసొస్తుంది. కర్ర పిడి అరిగి అరిగి నా అరచేతికి అతికినట్టు అయింది. ఎవరేమన్నా నాకదే ముద్దు.

మా ఆవిడ దాన్ని ‘నా సవతి’ అంటుంది. నేను రేంజికి బయలుదేరినప్పుడల్లా, "పోండ్రి పోండ్రి, ఎదురుచూస్తాంది" అని సాగనంపుతుంది.

పోయిన చలికాలం నా ఎడమ భుజం పట్టేసింది. గుంజుడు పనులు బంద్ చెయ్యమన్నాడు దవాఖానలో డాక్టరు. రేంజిలో కోచ్ మంచివాడు, నా కొడుకు వయసు ఉంటుంది. "సార్, జర నా మాట ఇనుండ్రి. కొత్తది తీసుకోండ్రి, గుంజే పనే ఉండదు" అని తన పిస్తోలు నా చేతిలో పెట్టాడు. కొట్టాను. నిజం చెప్పొద్దూ, సరిగ్గా నడిమధ్యన తగిలింది. అదే నాకు ఒళ్లు మండించింది. అందులో నేను చేసిందేముంది, నా మొహం!

ఇంటికొచ్చి నా పిస్తోలును తుడిచి, నూనె రాసి, పెట్టెలో పెట్టాను. "దీన్ని రేపు కోచ్‌కు ఇచ్చేస్తా. కొత్తది మాత్రం ముట్టను. షూటింగే మానేస్తా" అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మా ఆవిడ అప్పుడు పెరట్లో చింతకాయ తొక్కు దంచుతోంది. ఇంట్లో మిక్సీ లేక కాదు. "మిక్సీల ఏస్తే తొక్కయితదా? గుజ్జయితది" అని రోకలి విడవదు. నా మాట విని రోకలి పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సవతిని ఇంట్లకెళ్లి ఎల్లగొడితే నేను ఎల్లగొట్టాలె. మీరెవలు ఎల్లగొట్టెటందుకు? ఇటు తీయుండ్రి."

పెట్టెలోంచి తీసి పెరట్లోకి తెచ్చాను. నేను పిడి గట్టిగా పట్టుకుని, లివర్ ఎటు గుంజాలో చూపించాను. ఒక్క గుంజు గుంజింది. కటక్! స్ప్రింగు బిగుసుకుంది. ఇన్నేళ్లు రోకలి ఎత్తిన చెయ్యి మరి, ఊరికే పోతుందా!

పెరటి గోడ దగ్గర నేను ప్రాక్టీసుకు పెట్టుకున్న గురి అట్ట ఉంది. పెల్లెట్ పెట్టి కొట్టాను. సంతోషంలో గురి సరిగ్గా చూసుకోనేలేదు. పెల్లెట్ నల్లటి చుక్కను వదిలేసి ఎక్కడో అంచుకు తగిలింది.

"తప్పింది" అన్నాను.

ఆమె అప్పటికే మళ్లీ లివర్ అందుకుంది.

"తప్పితే తప్పింది తియ్యుండ్రి. గుంజెటందుకు నేనున్న గద."